ఖర్దుంగ్‌లా ఎక్కేది ఒక్కరు, తయారయ్యేది ఇల్లంతా

పోయిన ఆదివారం మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మావారికి చిన్న సన్మానం జరిగింది. ఆయన ఇంకా ఎక్కడికీ వెళ్ళలేదండీ. వెళ్ళేది ఆగస్టులో. మనాలీ నుంచి లేహ్, లేహ్ నుంచి ఖర్దుంగ్‌లా కనుమ దాకా సైకిల్ మీద. మనవాళ్ళకి ఆగే ఓపికెక్కడిది, ముందే శాలువా కప్పేశారు. అసోసియేషన్ సెక్రటరీగారు మైకు పట్టుకుని, "నలభై ఆరేళ్ళ వయసులో, ఉద్యోగం చేసుకుంటూ, ఎవరి సాయం లేకుండా ఇంత సాధన చేస్తున్నారంటే..." అని చెబుతున్నారు. అప్పుడు నేను వెనక వరసలో మిర్చి బజ్జీల ప్లేట్లు అందిస్తున్నాను. ఆ బజ్జీల పిండి కలిపింది కూడా నేనే.

"ఎవరి సాయం లేకుండా" అన్న మాట వినగానే నా చేతిలో ప్లేటు ఆగిపోయింది. పక్కనున్న మూడో అంతస్తు వదినగారు నా మొహం చూసి నవ్వారు. ఆవిడకి అర్థమైంది. వాళ్ళాయన మారథాన్లు పరిగెత్తుతారు లెండి.

ఇప్పుడు నేను రాస్తున్నది ఆ ఒక్క మాట మీదే. మావారి మీద కాదు. ఆయన మంచి మనిషి, ఆ కనుమ ఎక్కాలని నాకూ ఉంది. కానీ ఆ మాట అబద్ధం. అది మా ఇంట్లో ఒక్కచోటే ఉన్న అబద్ధం కాదు గనక గట్టిగా చెప్పాలనుకున్నాను.

ముందు ఆ కనుమ ఏమిటో, దానికి తయారవడం అంటే ఏమిటో చెప్తాను. లేకపోతే నా లెక్క మీకు పట్టదు.

మనాలీ నుంచి రోహ్‌తాంగ్ మీదుగా పాత దారిలో లేహ్‌కి 470 కిలోమీటర్ల పైనే. దారిలో ఒకటి కాదు, వరసగా కనుమలు. రోహ్‌తాంగ్ 3,978 మీటర్లు. ఆ తర్వాత బారాలాచా, లాచుంగ్‌లా, చివర్లో 5,328 మీటర్ల తంగ్‌లాంగ్‌లా. ఇవన్నీ దాటి లేహ్ చేరితే, అక్కడి నుంచి ఖర్దుంగ్‌లాకి దాదాపు 40 కిలోమీటర్లు ఎక్కుడే ఎక్కుడు. లేహ్ ఉన్నది 3,500 మీటర్ల ఎత్తులో, కనుమ ఉన్నది 5,359 మీటర్ల ఎత్తులో. అంటే ఒక్క రోజులో 1,850 మీటర్ల దాకా ఎక్కాలి. మన చార్మినార్ 56 మీటర్లు. ముప్పై మూడు చార్మినార్లని ఒకదాని మీద ఒకటి పేర్చి, దాని మీదకి సైకిల్ తొక్కడం అన్నమాట.

ఇంకో తమాషా చెప్తాను. ఖర్దుంగ్‌లా మీద ఏళ్ళ తరబడి ఉన్న బోర్డులో ఎత్తు 18,380 అడుగులని రాసి ఉండేది. అందరూ దాని పక్కనే ఫోటో దిగేవారు. తర్వాత పరికరాలతో కొలిస్తే తేలింది 17,580 అడుగుల చిల్లర. ఎనిమిది వందల అడుగులు ఎక్కువ చెప్పుకుంది కొండ. కొండలే అలా చెప్పుకుంటుంటే మైకు పట్టుకున్న సెక్రటరీగారిని ఏమనగలం?

ఇక తయారీ. మనం ఉండే దిల్‌సుఖ్‌నగర్ సముద్ర మట్టానికి ఐదు వందల మీటర్ల ఎత్తులో ఉంటుంది. మా కొత్తపేటలో కొండ అంటే ఎల్బీనగర్ ఫ్లైఓవరే. మావారు తెల్లవారుజామున ఐదింటికి, బస్సులూ లారీలూ పెరగకముందే, ఆ ఫ్లైఓవర్ మీద పదిసార్లు ఎక్కి దిగుతారు. వారంలో నాలుగు రోజులు గంటన్నర చొప్పున ఇదే పని. ఒక్కో రోజు హయత్‌నగర్ దాటి సంఘీ గుడి గుట్ట దాకా. ఆదివారం ఐదు గంటల పైన, భువనగిరి వైపో, యాదగిరిగుట్ట ఘాట్ రోడ్డుకో. మొత్తం కలిపితే వారానికి పదకొండున్నర గంటలు.

ఇంత చేసినా ఒక విషయం ఇక్కడ నేర్చుకోవడం కుదరదు. గాలి. ఖర్దుంగ్‌లా మీద గాలి ఒత్తిడి సముద్ర తీరంలో ఉండేదానిలో సగమే. ఒక్కో శ్వాసకి అందే ఆక్సిజన్ కూడా సగమే. కాళ్ళు ఎంత గట్టిపడినా ఎత్తు జబ్బు రాకుండా అవి కాపాడవు. కాపాడేది నెమ్మదే. మూడు వేల మీటర్లు దాటాక, రాత్రి పడుకునే చోటు ముందు రాత్రి కన్నా 500 మీటర్లకి మించి ఎత్తు ఉండకూడదని, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగాలని డాక్టర్లు చెప్తారు. తలనొప్పి, వాంతులు, నిద్ర పట్టకపోవడం మొదలైతే ఇంకా పైకి పోకూడదు. తగ్గకపోతే కిందకి దిగిపోవాలి. మందు కావాలంటే డాక్టర్‌ని అడిగే వేసుకోవాలి. ఇదంతా మావారు నోట్‌బుక్‌లో రాసుకున్నారు. నేనూ చదివాను. చదివే కొద్దీ ఒకటి అర్థమైంది. కొండకి తయారవడానికి అన్నిటికన్నా ముందు కావలసింది కండ కాదు, గంటలు. నిద్రపోవడానికి గంటలు, తొక్కడానికి గంటలు, తొక్కాక కాళ్ళు చాపుకుని పడుకోవడానికి గంటలు.

ఆ గంటలు ఎక్కడి నుంచి వస్తున్నాయి?

మా వంటింట్లో పాలవాడి లెక్క రాసే క్యాలెండర్ ఒకటుంది. ఫిబ్రవరిలో ఆయన సాధన మొదలైనప్పుడు, ఏదో విసుగులో, ఆ రోజు ఆయన సైకిల్ కోసం నేను చేసిన పని ఎన్ని నిమిషాలో పాల లెక్క కింద పెన్సిల్‌తో రాశాను. తర్వాత అలవాటైపోయింది. అందులో నుంచి ఒక్క మంగళవారం చెప్తాను.

నాలుగుంపావుకి లేచి రాగి జావ కాచి, రెండు గుడ్లు ఉడకబెట్టి, బాటిల్‌లో నిమ్మ, ఉప్పు, చక్కెర కలిపి ఇచ్చాను. ఆయన వెళ్ళాక మళ్ళీ పడుకునే ఆస్కారం లేదు, అత్తమ్మకి ఐదున్నరకి షుగర్ మాత్ర, టీ. ఆరున్నరకి ఆయన వస్తారు. మామూలుగా ఆ టైముకి పిల్లని బస్ స్టాప్‌లో దింపేది ఆయనే. ఇప్పుడు నేను. చెమట బట్టలు వాషింగ్ మెషీన్‌లో వెయ్యకూడదట, ఆ ప్యాడ్ ఉన్న షార్ట్స్ పాడవుతాయట, చేత్తోనే ఉతకాలి. మధ్యాహ్నానికి మామూలు కూర కాకుండా ఆయనకి పప్పు, గుడ్డు, పల్లీల పొడి వేరే డబ్బాలో. రాత్రి తొమ్మిదికే ఆయన పడుకోవాలి గనక పిల్లవాడి కోచింగ్ క్లాసు అయ్యాక దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ దగ్గరికి స్కూటీ మీద వెళ్ళి తెచ్చేది నేను. మొత్తం తొంభై నిమిషాలు. ఇది ఎప్పుడూ చేసే ఇంటి పని కాదు, దాని మీద ఎక్కిన పని.

వారానికి సుమారు తొమ్మిది గంటలు. పద్దెనిమిది వారాలకి నూట అరవై రెండు. అదే పద్దెనిమిది వారాల్లో ఆయన తొక్కినవి రెండు వందల ఏడు గంటలు. ఆ అంకె ఫోన్‌లోని యాప్‌లో ఉంది, దాని కింద బొటనవేళ్ళూ చప్పట్లూ ఉన్నాయి. నా నూట అరవై రెండు గంటలు పాలవాడి లెక్క కింద ఉన్నాయి.

ఇక్కడ మీరు "ఇంత చిన్న విషయానికి ఇంత రాద్ధాంతమా" అంటారని తెలుసు. నేనూ అదే అనుకున్నాను, మార్చి నెలలో రక్త పరీక్షలు జరిగేదాకా.

పై ఎత్తుకి వెళ్ళేవాళ్ళు ముందుగా పరీక్షలు చేయించుకోవాలి కదా. ఇంటికొచ్చి రక్తం తీసుకునే ల్యాబ్ వాళ్ళు, ఒకరికి చేయిస్తే రెండోవాళ్ళకి సగం ధరకే అన్నారు. సగం ధర అంటే మనం ఊరుకుంటామా, నేనూ చెయ్యి చాపాను. రెండు రోజులకి కాగితాలు వచ్చాయి. ఆయన హిమోగ్లోబిన్ 15.2. నాది 9.1.

ఆడవాళ్ళకి 12 ఉండాలి. ఆక్సిజన్‌ని ఒంట్లో మోసుకెళ్ళేది హిమోగ్లోబినే. నేను లెక్క వేశాను. 15.2లో 9.1 అంటే అరవై శాతం. ఆయన ఆ సగం గాలి కనుమకి వెళ్ళడానికి ఆరు నెలలు తయారవుతున్నారు. నేనేమో ఏ తయారీ లేకుండా, ఏ శాలువా లేకుండా, ఎన్నేళ్ళ నుంచో తెలియదు, కొత్తపేటలోనే ఆ కనుమ మీద కాపురం చేస్తున్నాను. మెట్రో మెట్లెక్కితే గుండె దడ. మధ్యాహ్నానికి కళ్ళు తిరగడం. వయసు అనుకున్నాను. బద్ధకం అనుకున్నాను. "నీకేం పని, ఇంట్లోనే కదా ఉండేది" అని ఎవరైనా అంటే నిజమే కాబోలు అనుకున్నాను.

డాక్టరమ్మ అడిగింది, నెలసరి ఎన్ని రోజులు ఉంటుందని. ఏడెనిమిదేళ్ళుగా ఎక్కువే అవుతోంది, ఎప్పుడూ చూపించుకోలేదన్నాను. ఎందుకు చూపించుకోలేదు అంది. టైం లేదన్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి నా వైపు, నా పక్కన సైకిల్ హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మావారి వైపు చూసింది. ఏమీ అనలేదు. అననవసరం లేదు కూడా.

ఆ రాత్రి నాకు తట్టింది ఇది. ఆయనకి ఖర్జూరాలు లెక్కపెట్టి పెట్టాను. ఐరన్ ఉంటుందని తోటకూర ఆయన డబ్బాలో ఎక్కువ సర్దాను. గుడ్లు డజను తెస్తే పది ఆయనవి. రక్తం తక్కువగా ఉన్న మనిషి నేను, రక్తం పట్టే తిండి తిన్న మనిషి ఆయన. ఇందులో ఆయన దుర్మార్గం ఏమీ లేదు. వడ్డించింది నా చెయ్యే. అందుకే ఇది మగవాళ్ళని తిట్టి చేతులు దులుపుకునే వ్యవహారం కాదంటున్నాను.

నేనొక్కదాన్నే కాదు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. మీ మెట్ల మీద ఎదురయ్యే నలుగురిలో ఇద్దరికి పైనే. వాళ్ళలో మీరు ఉన్నారో లేదో మీకు తెలుసా?

ఇంకో సర్వే ఉంది, గంటల లెక్కది. 2024లో కేంద్ర ప్రభుత్వం జరిపిన టైమ్ యూజ్ సర్వే. ఇంటివాళ్ళ కోసం జీతం లేని ఇంటి పని చేసే ఆడవాళ్ళు రోజుకి 289 నిమిషాలు చేస్తున్నారట. ఆ పని చేసే మగవాళ్ళు 88 నిమిషాలు. తేడా 201 నిమిషాలు. దీన్ని ఏడుతో గుణిస్తే వారానికి ఇరవై మూడు గంటల పైచిలుకు. మావారికి ఖర్దుంగ్‌లా సాధనకి కావలసింది పదకొండున్నర. అంటే ఈ దేశంలో సగటు ఇల్లాలు ప్రతి వారం ఇద్దరు ఖర్దుంగ్‌లా సైక్లిస్టులకి సరిపడా గంటలు ఇంటికి ధారపోస్తోంది. అవి మామూలు రోజుల్లో గంటలు. ఇంట్లో ఎవరూ కొండ ఎక్కనప్పటి గంటలు.

కాబట్టి "ఎవరి సాయం లేకుండా" అన్నది అబద్ధం. "సపోర్టివ్ వైఫ్" అన్నది అంతకన్నా తియ్యటి అబద్ధం. సాయం అనేది చేస్తే చెయ్యొచ్చు, మానితే మానొచ్చు. నేను ఒక్క వారం మానితే ఆయన సాధన ఆగిపోతుంది. ఆగిపోయేదాన్ని సాయం అనరు, సగం పని అంటారు.

దీనికి వచ్చే జవాబులు నాకు తెలుసు. అన్నీ విన్నాను, కొన్ని నేనే చెప్పుకున్నాను.

మొదటిది, "సంపాదించేది ఆయన కదా." అవును. ఆయన జీతం సైకిల్‌ని కొన్నది. కానీ ఆఫీసు ఆయనకి జీతం ఇచ్చేది తొమ్మిది నుంచి ఆరు దాకా చేసే పనికి. పొద్దున ఐదింటి గంట ఆఫీసుది కాదు, ఇంటిది. ఇంటి గంటలో ఇద్దరికీ వాటా ఉంది.

రెండోది మావారే అన్నారు. "నువ్వెప్పుడూ అడగలేదుగా." నిజమే, అడగలేదు. కానీ ఆయన మాత్రం అడిగారా? ఫిబ్రవరిలో ఒక రాత్రి భోజనాల దగ్గర "ఈ ఏడు ఖర్దుంగ్‌లా చేద్దామనుకుంటున్నా" అని చెప్పారు. అంతే. ఆయన చెప్తే చాలు, నేనైతే అడగాలి. అడిగితే ఇస్తారేమో కూడా, మంచి మనిషే. కానీ ఒకరు చెప్పుకుంటూ, ఇంకొకరు అడుక్కుంటూ ఉండే ఇంట్లో అడిగేవాళ్ళు నెమ్మదిగా అడగడం మానేస్తారు. మనమంతా అక్కడే ఉన్నాం.

మూడోది, "ఆడవాళ్ళకి ఇలాంటివాటి మీద ఆసక్తి ఉండదు, ఒంట్లో అంత బలం కూడా ఉండదు." దీనికి జవాబు మావారు ఆదివారాలు సైకిల్ తొక్కే భువనగిరిలోనే ఉంది. నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ కొండలెక్కడం నేర్చుకున్నది ఆ భువనగిరి గుట్ట మీదే. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కేనాటికి పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. 2022 నాటికి ఏడు ఖండాల్లోని ఎత్తైన శిఖరాలు పూర్తి చేసింది. అందరూ ఆ పిల్ల ధైర్యం గురించి చెప్తారు, చెప్పాలి కూడా. నాకు మాత్రం ఇంకో సంగతి కనిపిస్తుంది. పూర్ణ వ్యవసాయ కూలీల బిడ్డ. చదివింది సాంఘిక సంక్షేమ గురుకులంలో. అక్కడ వేళకి తిండి పెట్టారు. నేర్పించేవాళ్ళని పెట్టారు. డార్జిలింగ్, లడఖ్ పంపి సాధన చేయించారు. తమ్ముణ్ణి ఎత్తుకోమనీ, అంట్లు తోమమనీ పిలిచే ఇల్లు ఆ గంటల్లో పక్కన లేదు. ఆ పిల్లకి ఉన్న బలానికి ఎవరో గంటలు ఇచ్చారు. బలం మన పిల్లల్లో ఎప్పుడూ ఉంది, లేనివి గంటలే.

సైకిల్ సంగతే కావాలంటే పక్కనే తమిళనాడులో పుదుక్కోట్టై ఉంది. 1990ల మొదట్లో అక్కడ అక్షరాస్యత ఉద్యమంలో భాగంగా పల్లెటూరి ఆడవాళ్ళకి సైకిల్ నేర్పించారు. అప్పటి కలెక్టర్ షీలా రాణి చుంకత్ దాన్ని పట్టుబట్టి ప్రోత్సహించారు. వేలాది మంది కూలి పని చేసుకునే ఆడవాళ్ళు నేర్చుకున్నారు. జర్నలిస్టు పి. సాయినాథ్ ఆ కథ రాశారు. మొదట్లో వాళ్ళని చూసి మగవాళ్ళు చెడ్డ మాటలన్నారట. అయినా వాళ్ళు మానలేదు. ఎందుకంటే సైకిల్ వచ్చాక బస్సు కోసం కాచుకునే గంటలు మిగిలాయి, తండ్రి కోసమో అన్న కోసమో ఎదురుచూసే గంటలు మిగిలాయి. అక్కడ కూడా గంటలే చూడండి.

మా ఇంటికే వస్తాను. మా పాపకి ఐదో తరగతిలో గులాబీ రంగు సైకిల్ కొన్నాం. ఏడో తరగతిలో పెద్దమనిషి అయ్యాక, "ఇంకా సైకిలేందే, రోడ్డు మీద" అని అత్తమ్మ అంటే, ఆ సైకిల్‌ని మా తమ్ముడి కొడుక్కి ఇచ్చేశాం. పాప ఏడవలేదు. సీటు తుడిచి ఇచ్చింది. అప్పుడు నేను కూడా ఒక్క మాట అనలేదు. ఆసక్తి ఉండదని చెప్పే పెద్దమనుషులు, ఆ ఆసక్తిని ఏ ఏడు ఏ ఇంటికి ఇచ్చేశారో ఒకసారి గుర్తు చేసుకోవాలి. నేనూ ఆ పెద్దమనుషుల్లో ఒకదాన్ని.

నాలుగోది, "రోడ్లు భద్రం కాదు." ఇది మాత్రం నిజం, దీన్ని నేను కొట్టిపారెయ్యను. మన వైపు మెట్రో పిల్లర్ల కింద రోడ్డు సంగతి అందరికీ తెలుసు. బస్సులు ఓ పక్క, తోపుడు బళ్ళు ఇంకో పక్క, తెల్లవారుజామున కుక్కలు. 2023 అక్టోబర్ 1న మన నగరంలో పైన సోలార్ పలకలతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. ఎక్కడ? ఔటర్ రింగ్ రోడ్డు పడమటి వైపు, నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు దిక్కున. సంతోషం. కానీ కొత్తపేట ఆడమనిషి సైకిల్ తొక్కడానికి నార్సింగి పోవాలంటే ఊరు మొత్తం దాటాలి. సరూర్‌నగర్ చెరువు చుట్టూ, వనస్థలిపురం హరిణ వనస్థలి పక్కన, పొద్దున రెండు గంటలు బళ్ళు ఆపి దీపాలు వేస్తే చాలు, సోలార్ పలకలు కూడా అక్కర్లేదు. రోడ్డు భద్రం కాదంటే రోడ్డుని బాగు చెయ్యమని అడగాలి. మనల్ని ఇంట్లో కూర్చోమనడం బాగుచెయ్యడం కాదు.

అయిదోది మన ఆడవాళ్ళే అంటారు. "మనకెందుకమ్మా ఈ పోటీలు, అందరూ కొండలెక్కాలా ఏంటి?" అక్కర్లేదండీ. నేను ప్రతి ఆడమనిషినీ లడఖ్ పొమ్మనడం లేదు. మీ గంటలు మీకు వచ్చాక మీరు నిద్రపోండి, పుస్తకం చదువుకోండి, డాక్టర్ దగ్గరికి పోండి, గోడ వైపు చూస్తూ కూర్చోండి. అది మీ ఇష్టం. గంటలు మాత్రం మీవని ఒప్పుకోండి.

ఇదంతా మావారితో చెప్పాను. క్యాలెండర్ ముందు పెట్టి, పక్కన రెండు రక్త పరీక్ష కాగితాలు పెట్టి. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "నన్ను వెళ్ళొద్దంటున్నావా?" అన్నారు. "వెళ్ళమంటున్నాను. ఎంతకి వెళ్తున్నారో చూపిస్తున్నాను" అన్నాను. కోపం వచ్చింది ఆయనకి, అబద్ధం ఎందుకు చెప్పాలి. రెండు రోజులు ముభావంగా ఉన్నారు. మూడో రోజు పొద్దున వంటింట్లో చప్పుడైతే లేచి చూశాను. రాగి జావ అడుగంటిన వాసన. గిన్నె తోముతున్నారు.

ఇప్పుడు మా ఇంట్లో ఒప్పందం ఇది. జావ, గుడ్లు, బాటిల్ ఆయనే చేసుకుంటారు. చెమట బట్టలు ఆయనే ఉతుక్కుంటారు. రాత్రి కోచింగ్ నుంచి పిల్లవాడు మెట్రో దిగి నడిచి వస్తాడు, పదిహేడేళ్ళవాడు, కాళ్ళున్నాయి. మంగళ, శుక్రవారాల పొద్దున్న రెండు గంటలు నావి. ఆ రెండు రోజులు అత్తమ్మ మాత్ర, టీ, పాప బస్సు ఆయన బాధ్యత. అందువల్ల ఆయన సాధన వారానికి పదకొండున్నర నుంచి తొమ్మిదిన్నరకి తగ్గింది. "ప్రిపరేషన్ దెబ్బతింటుందేమో" అని ఒకటి రెండుసార్లు అన్నారు. తింటుందేమో. అయితే కనుమ దగ్గర ఒక రోజు ఎక్కువ ఆగుతారు. ఆగడం ఆ ఎత్తులో ఎవరికీ నష్టం చెయ్యదని ఆయన నోట్‌బుక్‌లోనే ఉంది.

గుడ్లు డజనులో ఆరు ఆరు.

అత్తమ్మకి మొదట నచ్చలేదు. "నీకేం పుట్టింది పిల్లా, పొద్దుగాల్నే ఇల్లు ఇడిసిపెట్టి పోతవా?" అంది. నా కాగితం చూపించి, రక్తం తొమ్మిదే ఉందత్తమ్మా అంటే, కాసేపు ఊరుకుని, "నాకు గూడ గట్లనే ఉండేనేమో, ఎవలు సూసిండ్రు?" అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. మర్నాడు ఆవిడకి కూడా పరీక్ష చేయించాం.

నా రెండు గంటల్లో ఇంకా సైకిల్ లేదు. డాక్టరమ్మ, రక్తం పెరిగేదాకా గట్టి వ్యాయామం వద్దంది. ఐరన్ మాత్రలు వేసుకుంటున్నాను, టీతో కాదు, నిమ్మరసంతో. స్కానింగ్ అయ్యింది, నెలసరికి వైద్యం మొదలైంది. ప్రస్తుతానికి విక్టోరియా మెమోరియల్ దాకా నడిచి వస్తున్నాను. పోయిన వారం 10.4. పన్నెండు దాటాక మావారి పాత సైకిల్ నాది, అది కూడా ఒప్పందంలో ఉంది. పాపకి కొత్తది.

హిమాచల్‌లో జలోరీ అని ఒక కనుమ ఉంది, మూడు వేల వంద మీటర్ల చిల్లర. యూత్ హాస్టల్స్ వాళ్ళు దాని మీదుగా సైకిల్ యాత్రలు నడుపుతుంటారు. మా పాప సెలవుల్లో, మేమిద్దరం. ఈ సంగతి నేను ఇంట్లో అడగలేదు. చెప్పాను.

మీరు చెయ్యాల్సింది ఒకటే. మీ ఇంట్లో పరుగు పెట్టేవాళ్ళో, జిమ్‌కి వెళ్ళేవాళ్ళో, సివిల్స్ చదివేవాళ్ళో, శబరిమల మాల వేసుకునేవాళ్ళో ఎవరో ఒకరు ఉండే ఉంటారు. ఒక్క నెల వాళ్ళ కోసం మీరు ఇచ్చిన నిమిషాలు పాల లెక్క కింద రాయండి. అదే నెలలో ఒకసారి రక్తం పరీక్ష చేయించుకోండి. రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి, భోజనాల బల్ల మీద, అందరూ ఉన్నప్పుడు చూపించండి. అరవక్కర్లేదు, ఏడవక్కర్లేదు.

ఆగస్టులో మావారు బయల్దేరే రోజు సెల్లార్‌లో మళ్ళీ మీటింగ్ ఉందట. సెక్రటరీగారికి ముందే చెప్పేశాను, ఈసారి బజ్జీలు బయట నుంచి తెప్పించమని. నేను ముందు వరసలో కూర్చుంటాను.